ఆకే కదా... ఏటవుద్ది?

అనకాపల్లి వెళ్లి బెల్లం కొనకుండా తిరిగొచ్చేవాళ్లు అరుదు. ఆమధ్య వెళ్లినప్పుడు బెల్లంతోపాటు ఇంకో సరుకు కూడా అక్కడ బాగా అమ్ముడవుతోందని గమనించాను. ఓ మందుల షాపు బల్లమీద డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. అశ్వగంధ, బ్రాహ్మి, జటామాంసి, శంఖపుష్పి... కొన్నిటిమీద ‘స్ట్రెస్ రిలీఫ్’ అని, కొన్నిటిమీద ‘హాయైన నిద్రకు’ అని పెద్ద పెద్ద అక్షరాలు. నేను నిలబడిన పావుగంటలో ఇద్దరు వచ్చారు. ఒకాయన రిటైరైన మాస్టారిలా ఉన్నారు, రెండో మనిషి కాలేజీ అమ్మాయి. ఇద్దరి చేతిలోనూ డాక్టరు చీటీ లేదు. పేరు చెప్పి డబ్బా పట్టుకెళ్లిపోయారు.

“ఇవి ఎవరికి పడితే వాళ్లకి ఇచ్చేయొచ్చా బాబూ?” అని షాపతన్ని అడిగాను.

“ఆకే కదండీ... ఏటవుద్ది?” అన్నాడు చిల్లర లెక్కపెడుతూ.

అతన్ని తప్పుపట్టి లాభం లేదు. మన ఇళ్లలో సగంమంది అభిప్రాయం అదే. ఇంగ్లిషు మందంటే భయం, మూలికంటే భరోసా. అందులోనూ మనసుకి సంబంధించిన బాధైతే మరీను. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అనకాపల్లి నుంచి బస్సెక్కితే చేరిపోవచ్చు. కానీ ఆ గేటు ముందు ఎవరైనా చుట్టాలు చూస్తే? ఆ ఒక్క ఆలోచనతో ఎంతమంది వెనక్కి తిరిగొచ్చేశారో! డబ్బా కొనుక్కుంటే ఆ బాధ లేదు. ఫ్రిజ్ మీద పెట్టుకున్నా చూసినవాళ్లు బలానికి వాడుతున్నారేమో అనుకుంటారు.

బాధ మాత్రం నిజం. 2015-16లో నిమ్‌హాన్స్ వాళ్లు జరిపిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో వందకి సుమారు పదిమందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమంది ఏ వైద్యమూ తీసుకోవడం లేదు. అనకాపల్లినే తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది. చెరకు, బెల్లం పాత సంగతి. ఇప్పుడు జిల్లాలో ఎన్నో కుటుంబాల జీవనాధారం అచ్యుతాపురం, పరవాడల్లోని మందుల కంపెనీలు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. ఆ తర్వాత నైట్ డ్యూటీకి వెళ్లిన మనిషి తెల్లారి గుమ్మంలో కనిపించేదాకా నిద్రపట్టని ఇల్లాళ్లు ఎంతమందో. దేశానికి మందులు చేసేచోటే ఇంట్లోవాళ్లకి గుండెదడ!

గవరపాలెం నుంచి ఓ సోదరి రాసిన ఉత్తరం ఈవారం ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం. ఊరూ పేరూ వివరాలు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం చెబుతాను.

“అన్నయ్యగారూ, మా ఆయనకి కంపెనీలో రాత్రి డ్యూటీలు. ఏడాదిగా నాకు నిద్రలేదు. గుండె దడదడలాడతాది, చేతులు వణుకుతాయి. డాక్టరుగారు రాసిన చిన్న మాత్ర నాలుగు నెలలుగా రాత్రిపూట వేసుకున్నాను. ‘నరాల మాత్రలు అలవాటైపోతాయే, మానెయ్’ అని మా తోటికోడలు అశ్వగంధ కేప్సూల్స్ తెచ్చిచ్చింది. అది మొదలెట్టి ఇది ఒకేసారి మానేశాను. నాలుగో రోజునుంచి దడ ఇంకా ఎక్కువైపోయింది. ఒంట్లో ఒణుకు. నేను ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర కూడా వాడుతున్నాను. అశ్వగంధ నాకు పడలేదంటారా?”

ఈ ఉత్తరానికి జవాబు పత్రికలో వచ్చేదాకా ఆగే పని కాదు. అందుకే ఆమెకి విడిగా చెప్పాల్సింది చెప్పేశాం. కానీ ఇందులో ఉన్న మెలికలు చాలా ఇళ్లలో ఉన్నవే. ఒక్కొక్కటీ విప్పుదాం.

ముందు మంచిమాట

అశ్వగంధని మన పెద్దలు పెన్నేరుగడ్డ అనేవారు. పచ్చివేరు గుర్రపు వాసన వేస్తుందని ఆ సంస్కృత నామం. శాస్త్రీయ నామంలోని ‘సోమ్నిఫెరా’ అంటే నిద్ర తెచ్చేది అని. కాబట్టి ఇది నిన్నమొన్న వ్యాపారులు కనిపెట్టిన సుగుణం కాదు. ఇంకో సంగతి, అడవి మూలిక కాబట్టి మన ఏజెన్సీ నుంచే వస్తుందని చాలామంది అనుకుంటారు. చింతపల్లి, పాడేరు వైపు నుంచి పిప్పలమోడి వస్తుంది, కరక్కాయ వస్తుంది. అశ్వగంధ మాత్రం పొలాల్లో వేసే పంట. పేరుమోసిన మార్కెట్లు మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్.

పనిచేస్తుందా అంటే, కొంతవరకు చేస్తుందనే చెప్పాలి. దీనిమీద ప్రపంచమంతా ఎక్కువగా ఉదహరించే పరీక్షల్లో ఒకటి జరిగింది మన హైదరాబాద్‌లోనే. 2012లో ప్రచురితమైంది. ఒత్తిడితో బాధపడుతున్న 64 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లు, రెండో జట్టుకి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది ఇస్తున్నారో ఇచ్చేవాళ్లకీ తెలీదు, పుచ్చుకునేవాళ్లకీ తెలీదు. 60 రోజుల తర్వాత చూస్తే ఒత్తిడిని కొలిచే ప్రశ్నావళిలో అశ్వగంధ జట్టుకి 44 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర జట్టుకి ఐదున్నర శాతమే. రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కూడా బాగానే తగ్గింది. తర్వాత వచ్చిన మరికొన్ని పరీక్షలూ ఇంచుమించు ఇదే దారిలో ఉన్నాయి.

బాగానే ఉంది కదా! ఉంది. కానీ 64 మంది అంటే ఒక పెళ్లి బస్సు నిండా జనం కూడా కాదు. ఆ పరీక్ష రెండు నెలలే. ఇలాంటి పరీక్షల్లో చాలావాటికి సొమ్మో సరుకో ఇచ్చింది ఆ సారం అమ్ముకునే కంపెనీలే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు కూడా మూడు నెలల దాకా వాడితే చాలామందికి ఇబ్బంది ఉండకపోవచ్చని చెప్పి, ఆ తర్వాత సంగతి తెలీదని ఊరుకున్నాయి. మన ఇళ్లలో ఏమో డబ్బా అయిపోతే ఇంకో డబ్బా. ఏడాది, రెండేళ్లు... అడిగేవాడు లేడు.

అన్నట్టు పరీక్షలో వాడింది కొలతపెట్టి తీసిన వేరు సారం. మన పచారీ కొట్లో పొట్లం కట్టిచ్చే చూర్ణం అది కాదు. రెండూ అశ్వగంధే, కానీ ఆ ఫలితాన్ని ఈ పొట్లానికి అంటగట్టకూడదు.

కాలేయం కథ

2020లో ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు కలిసి ఐదుగురు రోగుల గురించి రాశారు. అశ్వగంధ వాడటం మొదలుపెట్టిన 2 నుంచి 12 వారాల్లో వాళ్లకి పచ్చకామెర్లు, విపరీతమైన దురద వచ్చాయి. ఎవరికీ కాలేయం పూర్తిగా దెబ్బతినేదాకా రాలేదు. మందు ఆపాక కోలుకోవడానికి మాత్రం నెలలు పట్టింది. 2023లో మన దేశ వైద్యులే అలాంటివి 23 కేసులు ప్రచురించారు. అందులో అప్పటికే దీర్ఘకాలిక కాలేయ జబ్బు ఉన్న ముగ్గురు చనిపోయారు.

దీన్ని పట్టుకుని అశ్వగంధ విషం అని కేకలేయడం కూడా తప్పే. వాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు, కాలేయం చెడినవాళ్లు అరుదు. ఎవరికి చెడుతుందో ముందుగా చెప్పే పరీక్ష మాత్రం ఏదీ లేదు. అందుకని గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒక్కటే. ఏ మూలిక మాత్రైనా మొదలెట్టాక మూత్రం ముదురు పసుపు రంగులోకి తిరిగినా, కళ్లు పచ్చబడినా, అన్నం సయించకపోయినా, దద్దుర్లు లేకుండా ఒళ్లంతా దురద పెట్టినా ఆ పూటే ఆపేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. కామెర్లకని పసరు పోయించుకోవడానికి ఇంకో ఊరెళ్లడం కాదు! మూలిక తెచ్చిన కామెర్లకి ఇంకో మూలిక పసరంటే మంటల్లో నెయ్యి పోసినట్టు. కాలేయ జబ్బున్నవాళ్లూ, రోజూ మందు కొట్టే అలవాటున్నవాళ్లూ అసలు దీని జోలికి పోకపోవడం మేలు.

వేరా, ఆకా అన్నది ఇంకో తిరకాసు. సంప్రదాయంగా వాడేది వేరు. ఆకు చవగ్గా దొరుకుతుంది. పైగా కొన్ని రసాయనాలు ఆకులోనే ఎక్కువ కాబట్టి సారంలో శాతం ఎక్కువ చూపించడానికి కొందరు తయారీదార్లు ఆకు కలిపేవారు. 2021లో ఆయుష్ మంత్రిత్వశాఖ ఆకు వాడొద్దని తయారీదార్లకి చెప్పాల్సివచ్చింది. కాబట్టి ‘ఆకే కదా’ అన్న షాపతని మాట అశ్వగంధ విషయంలో రెండందాలా తప్పన్నమాట!

2023లో డెన్మార్క్ దేశమైతే అశ్వగంధనే నిషేధించింది. థైరాయిడ్ మీద, పునరుత్పత్తి హార్మోన్ల మీద ప్రభావం ఉండొచ్చన్నది వాళ్ల భయం. మన దేశంలో చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. నాకూ అది కాస్త ఎక్కువే అనిపిస్తుంది. కానీ గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదన్న విషయంలో మాత్రం పేచీ లేదు.

చెల్లెమ్మ దడకి కారణం

ఇప్పుడు గవరపాలెం ఉత్తరం దగ్గరికొద్దాం. తప్పంతా అశ్వగంధ మీదికి నెట్టడానికి లేదు. ఆమె నాలుగు నెలలు వాడిన మాత్ర పేరు చూస్తే ఆల్ప్రాజోలం జాతికి చెందినది. ఈ జాతి మాత్రలు కొన్ని వారాలు వాడితే ఒంటికి అలవాటవుతాయి. తోటికోడలు చెప్పింది అక్కడివరకూ నిజమే. కానీ ఒక్కసారిగా ఆపేస్తే అణిగి ఉన్న దడ రెట్టింపై తిరిగొస్తుంది. వణుకు, చెమటలు, నిద్రలేమి, కొందరికి ఫిట్స్ కూడా. తెలంగాణలో ఇదే మందు కలిపిన కల్తీ కల్లుకి అలవాటుపడినవాళ్లు, కల్లు దుకాణం మూతపడితే వింతవింతగా ప్రవర్తించి ఆసుపత్రుల పాలైన వార్తలు మీరు చదివే ఉంటారు. అదే సూత్రం. ఈ మాత్ర మానాలంటే రాసిన డాక్టరే వారానికింత, పక్షానికింత తగ్గిస్తూ మాన్పించాలి. ఆమె ఇప్పుడు వెళ్లాల్సింది ఆయన దగ్గరికే, అదీ వెంటనే.

రెండో మెలిక థైరాయిడ్. అశ్వగంధ థైరాయిడ్ హార్మోనుని పెంచే అవకాశముంది. ఆరేళ్లుగా థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్న మనిషికి ఇది పైనుంచి ఇంకో డోసు వేసినట్టు కావచ్చు. హార్మోను ఎక్కువైతే ఏమవుతుంది? గుండెదడ, చేతుల వణుకు, నిద్రపట్టకపోవడం! అంటే దేనికోసం మందు వేసుకున్నారో అదే తిరిగి తగులుకుంటుంది. అంతెందుకు, మొదట్నుంచీ ఆమెకున్న దడలో కొంత థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువై వచ్చిందేమో కూడా చూడాలి. ‘టెన్షన్’ అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేసే దడకి వెనక థైరాయిడ్, రక్తహీనత, ఒక్కోసారి గుండె లయలో తేడా ఉంటాయి. ఓ రక్తపరీక్ష, ఓ ఈసీజీ చేయించకుండా మనసు జబ్బు అనేసుకోవడం తొందరపాటు. డబ్బా కొనుక్కునేవాళ్లు పోగొట్టుకునే అసలు సంగతి ఇదే. అసలు జబ్బేమిటో తెలుసుకునే అవకాశం!

షుగరు, బీపీ మాత్రలు వాడేవాళ్లకీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. అశ్వగంధ ఆ రెంటినీ ఇంకాస్త తగ్గించొచ్చు. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు ఎక్కువవుతుంది. అవయవ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవాళ్లు ముట్టుకోకూడదు. లేహ్యమైతే ఇంకో గొడవ. మనం చూర్ణం సంగతే ఆలోచిస్తాం గానీ లేహ్యంలో సగానికి సగం పంచదారో బెల్లమో ఉంటుంది. అనకాపల్లి బెల్లమైనా సరే, షుగరుకి ఊరి పేరుతో పనిలేదు.

సరస్వతాకు మాట

పిల్లలకి పరీక్షల భయం పోవడానికి అమ్మమ్మలు చెప్పేది సరస్వతాకు. ఇక్కడ పేర్ల తికమక ఒకటుంది. ‘బ్రాహ్మి’ అని రెండు మొక్కల్ని పిలుస్తారు. కేరళవాళ్లకి బ్రాహ్మి అంటే తేమనేలలో పాకే, చిన్న మందపాటి ఆకుల మొక్క. ఉత్తరాదిలో చాలామందికి బ్రాహ్మి అంటే మన సరస్వతాకే, గుండ్రటి ఆకు. రెండిటికీ చుట్టరికం లేదు. డబ్బామీద ఇంగ్లిషులో చిన్నక్షరాలతో ఉండే శాస్త్రీయ నామం చూస్తే తప్ప లోపలేముందో తెలీదు. మొదటిదాని పేరు బాకోపా, రెండోదాని పేరు సెంటెల్లా.

బాకోపా మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా జ్ఞాపకశక్తికి సంబంధించినవి. అదీ మూడు నెలలు వాడాక కొద్దిపాటి ఫలితం. వచ్చేవారం ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ఉందనగా మొదలుపెడితే పిల్లాడికి దక్కేది కడుపునొప్పి, విరేచనాలూను. పరీక్ష హాల్లో అంతకన్నా పెద్ద ఆందోళన ఏముంటుంది! సరస్వతాకు ఆందోళనకి పనిచేస్తుందని గట్టిగా చెప్పగల ఆధారం ఇంకా లేదు. పెరట్లో పెరిగిన నాలుగాకులు పచ్చట్లో వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. మందుగా నెలల తరబడి మింగితే మాత్రం అదీ కాలేయాన్ని ఇబ్బందిపెట్టిన సందర్భాలున్నాయి.

మూలికలకి శక్తి లేదని నేననడం లేదు సుమండీ. శక్తి ఉంది కాబట్టే ఈ గొడవంతా. సర్పగంధ కథ చూడండి. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు రక్తపోటునీ, ఉన్మాదాన్నీ తగ్గిస్తుందని రాశారు. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ దాన్నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీసింది. రెండేళ్లు తిరక్కుండా అమెరికా పిచ్చాసుపత్రుల్లో దాన్ని వాడటం మొదలైంది. ప్రపంచమంతా మన వేరుకి జేజేలు కొట్టింది. కొన్నాళ్లకి కొందరు రోగులు తీవ్రమైన దిగులులో కూరుకుపోతున్నారని వైద్యులు గమనించారు. నెమ్మదిగా దాన్ని పక్కనపెట్టారు. మనసుని మార్చగలిగే వేరు ఏదైనా సరే, ఒకవైపే మారుస్తుందని హామీ ఇవ్వదు.

విదేశీ మూలికల సంగతీ అంతే. పసిఫిక్ దీవుల కావా వేరు ఆందోళనకి బ్రహ్మాండమని ఐరోపాలో తెగవాడారు. కాలేయం దెబ్బతిన్న కేసులు బయటపడి 2002లో జర్మనీ దాన్ని ఆపేసింది. తర్వాత 2014లో అక్కడి కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. వాదన ఇంకా నడుస్తూనే ఉంది. సెయింట్ జాన్స్ వర్ట్ అనే ఇంకో ఆకు ఉంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవులకి వస్తూ తల్లిదండ్రులకి తెచ్చిస్తుంటారు. అది గర్భనిరోధక మాత్రల్నీ, రక్తం పల్చబరిచే మందుల్నీ ఒంట్లోంచి తొందరగా తోసేస్తుంది. గుండెకి కవాటం మార్పించుకున్న నాన్నగారికి ఆ ప్రేమ కానుక ప్రాణంమీదికి తేగలదు.

డబ్బా తిప్పి చూడండి

ఇంత చదివాక కూడా కొనాలనే అనుకుంటే, డబ్బా ముందువైపు బొమ్మలు వదిలేసి వెనకవైపు చూడండి. ‘ఆయుర్వేదిక్ మెడిసిన్’ అని ఉండి, తయారీ లైసెన్సు నంబరుంటే అది ఔషధ చట్టం కిందికి వస్తుంది. అలాక్కాకుండా ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల నంబరు ఉంటే అది చట్టం లెక్కలో ఆహారం! ‘హెల్త్ సప్లిమెంట్’ అన్న మాట పక్కనే ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అని కూడా రాసుండాలి. ముందువైపు ‘ఆందోళన మాయం’ అని, వెనకవైపు ‘మందుగా వాడరాదు’ అని. ఏది నమ్మాలో మీరే చెప్పండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, వేరా ఆకా, ఒక్కో మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములు అన్నవి లేని డబ్బాని బల్లమీదే వదిలేయండి.

భస్మాలు, రసాలు కలిసినవాటి విషయంలో ఇంకా జాగ్రత్త. 2004లో అమెరికాలోని బోస్టన్ నగర దుకాణాల్లో కొన్న 70 రకాల ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. ఇక లేబులే లేని పొట్లాలు ‘ఒక్క రాత్రిలో’ గుర్రుపెట్టి నిద్రపుచ్చాయంటే మూలిక గొప్పదనం అనుకోకండి. మూలికలు అంత హడావుడిగా పనిచేయవు. లోపల ఇంగ్లిషు నిద్రమాత్ర పొడి ఉందేమోనని అనుమానించాలి. 1998లో అమెరికాలో ‘స్లీపింగ్ బుద్ధ’ పేరుతో అమ్మిన మూలిక మాత్రల్లో అచ్చం అలాగే దొరికింది.

జటామాంసి గురించి ఒక్కమాట. అది హిమాలయాల్లో మూడువేల మీటర్ల పైన పెరిగే మొక్క. అంతరించిపోయే దశలో ఉంది. అలాంటిది చవగ్గా కిలోల లెక్కన దొరుకుతోందంటే అది జటామాంసి అయ్యుండటం కష్టం.

ఆయుర్వేదం మీద గురి ఉన్నవాళ్లు డిగ్రీ ఉన్న ఆయుర్వేద వైద్యుడి దగ్గరికే వెళ్లండి. నాడి చూసి, మీ షుగరు, బీపీ మాత్రల సంగతి అడిగి రాసే మనిషికీ, చిల్లర లెక్కపెడుతూ అందించే మనిషికీ తేడా ఉంది. ఎవరి దగ్గరికెళ్లినా ఇంట్లో వాడుతున్న మాత్రలు, చూర్ణాలు, లేహ్యాలు అన్నీ ఓ సంచీలో వేసుకెళ్లి బల్లమీద పెట్టండి. ఇంగ్లిషు డాక్టరు కోప్పడతారని ఆకుమందుల్ని దాచేవాళ్లు చాలామంది. కోప్పడితే పడనివ్వండి, దాచడం మాత్రం వద్దు.

డాక్టరు దాకా వెళ్లడానికి జంకేవాళ్లకి 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి-మానస్ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడొచ్చు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. ఇంట్లో మనిషి నైట్ డ్యూటీలో ఉన్న రాత్రుళ్లు కూడా.